పాత కామిక్స్: సీల్ చేసిన గ్రేడెడ్ కాపీయా, విడి కాపీయా?

1940, 50ల నాటి అమెరికన్ కామిక్స్ పోగేసేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ సందేహం వస్తుంది. గ్రేడెడ్ కాపీ అంటే ఒక కంపెనీ పరిశీలించి, స్థితిని బట్టి గ్రేడ్ వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీల్ చేసినది; విడి కాపీ అంటే అలా చేయనిది.

ఖర్చు: విడి కాపీయే చవక. గ్రేడెడ్ కాపీ ధరలో గ్రేడింగ్ ఫీజు, పోస్టేజీ, ఇన్సూరెన్స్ కూడా కలుస్తాయి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. విడి కాపీలో అట్టకు రంగు పూసి ఉండొచ్చు, అంచులు కత్తిరించి ఉండొచ్చు, నడిమి పేజీలు ఊడిపోయి ఉండొచ్చు. ఫొటోల్లో ఇవి పట్టుకోవడం కష్టం. 2000లో మొదలైన గ్రేడింగ్ కంపెనీ సీజీసీ పేజీలు లెక్కపెట్టి, 0.5 నుంచి 10 దాకా గ్రేడ్ ఇస్తుంది. రంగు పూసి బాగుచేసినవాటికి ఊదా లేబుల్ వేస్తుంది, దాంతో ధర బాగా పడిపోతుంది. పెట్టెను ఎవరైనా తెరిచి మళ్లీ అతికించారేమో మాత్రం మీరే చూసుకోవాలి.

శ్రమ: విడి కాపీకి మైలార్ (పారదర్శక ప్లాస్టిక్) కవరు, ఆమ్లం లేని బోర్డు కావాలి. ఎండ, తేమ విడి కాపీకీ, గ్రేడెడ్ కాపీకీ పడవు. పెట్టెలో ఉన్నా న్యూస్‌ప్రింట్ పసుపెక్కుతూనే ఉంటుంది.

చదవడం: సీల్ చేస్తే ఇక లేదు. ఆనాటి ప్రకటనలు చూడలేని కామిక్ నా దృష్టిలో సగం కామిక్కే.

1954 కామిక్స్ కోడ్‌కు (ప్రచురణకర్తలు తామే పెట్టుకున్న సెన్సార్ నియమాలకు) ముందటి హారర్, సూపర్‌హీరోల తొలి సంచికల్లాంటి ఖరీదైనవి, తిరిగి అమ్మే ఉద్దేశంతో కొనేవి గ్రేడెడ్‌వే తీసుకోండి. వెస్టర్న్‌లు (కౌబాయ్ కథలు), ప్రేమకథలు, అరిగిపోయిన కాపీలైతే విడివిగానే కొని హాయిగా చదువుకోండి.