పికప్ కొనాలా, కిరాయి బండే మేలా? పన్ను లెక్క ఏం చెబుతుంది

2025 జూన్‌లో ఒక టైల్స్ దుకాణం యజమాని నా ఎదురుగా కూర్చుని, మంచినీళ్లు కూడా తాగకుండా అడిగాడు: "సార్, పికప్ బండి కొంటే పన్ను మొత్తం ఎగిరిపోతుందట, నిజమేనా? మా తోడల్లుడు చెప్పాడు." చిన్న వ్యాపారుల లెక్కలు రాసే నాలాంటి వాళ్లకు ఈ తోడల్లుళ్లతో పెద్ద చిక్కు. వాళ్లు చెప్పేదాంట్లో సగం నిజమే ఉంటుంది. ఆ సగం ఎవరికి వర్తిస్తుందో మాత్రం చెప్పరు.

"కిరాయి పుస్తకం తెచ్చారా?" అన్నాను. తెచ్చాడు. ఊళ్లో దింపితే టాటా ఏస్‌కు 700, పక్క మండలమైతే 1,200, పెద్ద లోడు ఉంటే బొలేరోకు 1,800. మే నెల మొత్తం కూడితే 22,400 రూపాయలు. ఆయన కొనాలనుకున్న పికప్ ధర పన్నులు కాకుండా 9 లక్షలు. 8 లక్షలు అప్పు తీసుకుంటే, పది శాతం వడ్డీ మీద అయిదేళ్లకు నెల వాయిదా సుమారు 17,000. డ్రైవరు జీతం 15,000. డీజిలు, ఇన్సూరెన్స్, టైర్లు, ఫిట్‌నెస్ కలిపి ఇంకో 12,000 తక్కువ కాదు. అంటే 22 వేల ఖర్చు తప్పించుకోవడానికి 44 వేలు పెట్టాలి. ఇది పన్ను లెక్క కాదు, పచారీ కొట్టు లెక్క. కానీ ముందు వేయాల్సింది ఇదే. ఎంత పన్ను మిగిలినా ఈ గొయ్యి పూడదు.

పైగా చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. కిరాయి కూడా ఖర్చే. ఖాతాలు రాసేవాడికి కిరాయి కింద ఇచ్చిన ప్రతి రూపాయీ అదే ఏడాది లాభంలోంచి పూర్తిగా తీసివేతకు వస్తుంది. బండి అలా కాదు. సొంత సరుకు మోసుకునే బండి మీద ఆదాయపు పన్ను చట్టం ఏడాదికి 15 శాతం తరుగుదల (బండి అరిగినందుకు లాభంలోంచి తీసేసుకునే భాగం) మాత్రమే ఇస్తుంది. అదీ ఏటా తగ్గుతూ పోయే విలువ మీద. 9 లక్షల బండికి మొదటి ఏడాది 1,35,000, రెండో ఏడాది 1,14,750. అయిదేళ్లు గడిచాక కూడా దాదాపు 4 లక్షలు లెక్కల్లో అలాగే కూర్చుని ఉంటాయి. ఆదాయపు పన్ను ఒక్కటే చూస్తే కిరాయిదే పైచేయి. తోడల్లుడు ఈ మాట చెప్పలేదు.

మరి బండికి ఉన్న బలం ఎక్కడ? జీఎస్టీలో. ఇక్కడ పికప్‌కు ఉన్న సౌకర్యం కారుకు లేదు. పదముగ్గురికి మించకుండా మనుషులను ఎక్కించుకునే వాహనం మీద కట్టిన జీఎస్టీని మామూలు వ్యాపారి తిరిగి వాడుకోకుండా జీఎస్టీ చట్టంలోని సెక్షన్ 17(5) అడ్డు పెడుతుంది. సరుకు మోసే బండికి ఆ అడ్డు లేదు. 9 లక్షల బండి మీద 18 శాతం, అంటే 1,62,000 రూపాయలు నేరుగా క్రెడిట్ ఖాతాలో, అంటే కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీ జమయ్యే ఖాతాలో, పడతాయి. టైల్స్ అమ్మి నెలనెలా కట్టాల్సిన పన్నులోంచి అది తీసుకోవచ్చు. అదే 9 లక్షలకు కారు కొని 'దుకాణం పని కోసమే' అని ఎంత వాదించినా ఆ సొమ్ము రాదు. కాకపోతే ఒక షరతు: క్రెడిట్ తీసుకున్న పన్నును బండి ఖరీదులో కలిపి దాని మీద తరుగుదల కూడా తీసుకుంటామంటే కుదరదు. ఏదో ఒకటే. క్రెడిట్ తీసుకోవడమే మేలని వేరే చెప్పక్కర్లేదు. ఒకటి చేతికి మొత్తంగా వచ్చేది, ఇంకొకటి ఏటా పదిహేను శాతం చొప్పున కరిగేది.

ఈ క్రెడిట్ అందరికీ రాదు. అమ్మకాల మీద చిన్న శాతం జీఎస్టీ కట్టి సరిపెట్టుకునే కాంపోజిషన్ పథకంలో ఉన్నవాళ్లకు లేదు. తాజా కూరగాయలు, పాలు, కొబ్బరికాయలు లాంటి పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవాళ్లకూ లేదు. నిజానికి వాళ్లకే బండి అవసరం ఎక్కువ, కానీ చట్టం అవసరాన్ని చూడదు. ఇక నాలుగు తలుపులు, అయిదు సీట్లు, వెనక చిన్న తొట్టి ఉన్న పికప్‌ల సంగతి. మన శ్రీసిటీలోనే తయారయ్యే ఇసుజు వి-క్రాస్ లాంటివి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, కానీ అది సరుకు బండా, మనుషుల బండా అన్న తగువు రేపు అధికారి ముందు మీరే తీర్చుకోవాలి. పన్ను కోసమే కొనేవాళ్లకు నేను ఒకే వరుస సీటున్న, పసుపు నంబరు ప్లేటు పికప్‌నే చెబుతాను. వారాంతంలో పిల్లలను ఎక్కించుకుని తిరగాలన్న కోరిక ఉంటే దానికి పన్ను ముసుగు వేయకండి.

ఆదాయపు పన్ను దగ్గరకు మళ్లీ వద్దాం. 2025–26 ఆర్థిక సంవత్సరం లెక్కలే తీసుకుంటున్నాను. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి గానీ మా నోళ్లలో ఇంకా పాతవే ఆడుతున్నాయి.

సెక్షన్ 44ఏడీ కింద, అంటే ఖాతాలు లేకుండా అమ్మకాల్లో ఇంత శాతం లాభమని చూపించే పద్ధతిలో, రిటర్ను వేసే వ్యాపారికి బండి కొన్నా కొనకపోయినా ఆదాయపు పన్ను ఒక్క రూపాయి మారదు. అమ్మకాల్లో నగదుకు 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదానికి 6 శాతం లాభం అని చూపిస్తున్నాడు కదా, తరుగుదల, వడ్డీ, డీజిలు అన్నీ అందులోనే తీసేసినట్టు లెక్క. ఇంకా అన్యాయం ఏమిటంటే, వాడుకోని ఆ తరుగుదల కూడా ఏటా బండి విలువలోంచి తగ్గిపోతూనే ఉంటుంది. 'అయితే ఈసారికి 44ఏడీ వదిలేసి ఖాతాలు రాద్దాం' అనుకుంటే, అలా బయటికొచ్చినవాడు అయిదేళ్ల వరకు తిరిగి లోపలికి రాలేడు. ఆదాయం పన్ను పరిధిలో ఉంటే ఆడిటు కూడా తగులుకుంటుంది. ఒక్క బండి తరుగుదల కోసం అంత దూరం వెళ్లడం ఎలుక కోసం ఇల్లు తగలబెట్టుకోవడమే. అయితే 44ఏడీలో ఉన్నవాడు మామూలు జీఎస్టీ నమోదులో ఉంటే ఆ క్రెడిట్ మాత్రం వస్తుంది. ఆ రెండూ వేర్వేరు చట్టాలు.

ఖాతాలు రాసేవాళ్లలోనూ లాభం సమానంగా ఉండదు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు రిబేటుతో పన్ను సున్నా. 9 లక్షల ఆదాయం ఉన్నవాడికి తరుగుదల వల్ల మిగిలేది ఏమీ లేదు, అసలు పన్నే లేదు కాబట్టి. 15 లక్షలు ఉన్నవాడికి 1,35,000 తరుగుదల మీద 15 శాతం, దాని మీద నాలుగు శాతం సెస్సు కలిపి 21,060 మిగులుతుంది. అసలైన విశేషం మధ్యలో ఉన్నవాడిది. ఆదాయం 13 లక్షలైతే పన్ను, సెస్సు కలిపి 78,000. ఆ 13 లక్షల్లోంచి 1,35,000 తరుగుదల తీసేస్తే 11,65,000. రిబేటు గీత కిందికి దిగిపోతాడు. 78,000 మొత్తం మాయం! తోడల్లుడు చెప్పిన 'పన్ను ఎగిరిపోతుంది' అన్నది ఇదే. ఆయన ఆదాయం బహుశా ఆ గీతకు కాస్త పైన ఉండి ఉంటుంది. మరుసటి ఏడాది తరుగుదల తగ్గి, లాభం పెరిగితే ఆ మాయ మళ్లీ జరుగుతుందని నమ్మకం లేదు.

మా టైల్స్ ఆయన ఆదాయం సరిగ్గా 13 లక్షల దగ్గరే ఉంది. అమ్మకాలు రెండు కోట్లు దాటాయి, నగదు ఎక్కువ, కాబట్టి 44ఏడీ ఎలాగూ లేదు. ఖాతాలు, ఆడిటు ఎప్పటినుంచో ఉన్నవే.

వాయిదాల గురించి కూడా ఒక మాట. నెలకు 17,000 కడితే ఏడాదికి 2,04,000 ఖర్చు రాసుకోవచ్చని అందరూ అనుకుంటారు. అందులో వడ్డీ మాత్రమే ఖర్చు. మొదటి ఏడాది అది సుమారు 74,000. మిగతాది అసలు, అంటే మీ అప్పు మీరు తీర్చుకోవడం.

ఇంట్లో ఆడవాళ్ల పేరున కొనే దారి ఒకటుంది, అదీ చెప్పాలి. బండిని ఆమె కిరాయికి తిప్పుతుంది, భర్త దుకాణం ఆమెకు కిరాయి ఇస్తుంది. కిరాయికి తిప్పే బండ్లు పదికి మించకపోతే 44ఏఈ కింద చిన్న బండికి నెలకు 7,500, అంటే ఏడాదికి 90,000 ఆదాయం చూపిస్తే చాలు. ఖాతాలు అక్కర్లేదు. దుకాణానికి కిరాయి పూర్తి ఖర్చు. కాగితం మీద ఇంతకంటే అందమైన ఏర్పాటు లేదు. కానీ ఆమె సొంత డబ్బుతో, సొంత అప్పుతో కొని ఉండాలి. భర్త బహుమతిగా ఇచ్చిన సొమ్ముతో కొంటే ఆ ఆదాయం తిరిగి భర్త ఖాతాలోకే చేరుతుంది. బయట 700 ఉన్న ట్రిప్పుకు ఇంటి బండికి 1,500 ఇస్తే ఎక్కువైన భాగాన్ని అధికారి కొట్టేస్తాడు. ఆమెకు జీఎస్టీ నమోదు లేకపోతే 1,62,000 క్రెడిట్ పోయినట్టే. బయటివాళ్లకు కూడా బండి తిప్పే ఓపిక ఉన్న ఇళ్లకే ఇది నప్పుతుంది. పేరుకు మాత్రమే పెట్టేవాళ్లకు వద్దంటాను.

మూడేళ్ల కిందట ఇంకొక వ్యాపారి బండి కొన్నాక నా దగ్గరకొచ్చి గర్వంగా రశీదు చూపించాడు. ముందస్తు సొమ్ము 1,50,000, నగదు. ఆస్తి కొనేటప్పుడు ఒక రోజులో ఒకరికి 10,000 దాటి నగదు ఇస్తే ఆ మొత్తం బండి ఖరీదులో లెక్కకు రాదు, దాని మీద తరుగుదల ఎప్పటికీ ఉండదు. మరోవైపు బిల్లు ఆయన పేరున ఉంది, ఆధార్ ఉంది, పాన్ ఉంది, దుకాణం జీఎస్టీ నంబరు లేదు, అది లేని బిల్లు మీద క్రెడిట్ రాదు. షోరూములో కుర్రాడు అడగలేదు, ఈయన చెప్పలేదు. బిల్లు సరిచేయించడానికి నాలుగు నెలలు తిరిగాడు. కిరాయి చెల్లింపుల్లో ఈ నగదు పరిమితి కాస్త ఉదారం: సరుకు రవాణా చేసేవాడికి రోజుకు 35,000 దాకా నగదు ఇవ్వవచ్చు.

జూన్‌లో టైల్స్ ఆయనకు కొనవద్దన్నాను. కిరాయి పుస్తకంలో ప్రతి ట్రిప్పూ రాస్తూ ఉండమన్నాను. ఆగస్టు నాటికి ఆయన సిమెంటు ఏజెన్సీ కూడా తెచ్చుకున్నాడు. కిరాయి 51,000 దాటింది. లెక్క తిరగబడింది. అప్పుడే జీఎస్టీ రేట్లు తగ్గుతాయన్న ప్రకటన వచ్చింది, రేటు తగ్గాక కొంటానన్నాడు. పూర్తి క్రెడిట్ వచ్చేవాడికి అప్పటిదాకా ఉన్న 28 శాతం అయినా, తగ్గబోయే 18 అయినా చివరికి ఒకటే, ముందు పెట్టే డబ్బులోనే తేడా అని చెప్పాను. వినలేదు. సెప్టెంబరు 22న రేటు 18కి దిగింది.

"దీపావళికి తీసుకుంటాను సార్" అన్నాడు. ఆ మాట మాత్రం ఒప్పుకోలేదు. ఏడాదిలో 180 రోజులు వాడకపోతే తరుగుదల సగమే. మార్చి 31 నుంచి వెనక్కి లెక్కపెడితే అక్టోబరు 3 ఆఖరి రోజు. దీపావళి 20న. సగం తరుగుదలతో, అంటే 67,500తో, ఆయన 13 లక్షలు 12 కిందికి దిగాలంటే వడ్డీ మీద ఆశ పెట్టుకోవాలి. కొన్న కొన్ని నెలలకు అది ఎంతని?

దసరా అక్టోబరు 2న. ఆ ఉదయం బండికి పూజ చేసి, గుమ్మడికాయ కొట్టి, మధ్యాహ్నమే మొదటి లోడు పంపించాడు. నాకు బిల్లు ఫొటో వచ్చింది. వేలితో పెద్దది చేసి చూశాను. జీఎస్టీ నంబరు ఉంది.