లూసర్న్ సరస్సు ఒడ్డున సైకిల్ మీద: వాగ్నర్ ఇల్లు, రఖ్మానినోవ్ ఇల్లు

స్విట్జర్లాండ్ వచ్చే మనవాళ్ళు లూసర్న్ దగ్గరి టిట్లిస్ కొండ మీద మంచు చూసి, ఊళ్ళో చెక్క వంతెన మీద ఫోటోలు దిగి రైలెక్కేస్తారు. సంగీతమంటే ఇష్టం ఉన్నవాళ్ళయితే ఇంకొక్క రోజు ఆగండి. ఇద్దరు మహా స్వరకర్తలు కాపురమున్న ఇళ్ళు ఆ సరస్సు ఒడ్డునే ఉన్నాయి, రెండూ వెళ్ళి చూడొచ్చు. ఒకదాన్నుంచి ఇంకోదానికి సైకిల్ మీద వెళ్ళొచ్చు. ఈ దేశంలో నేను తిరిగినవాటిలో నాకు బాగా నచ్చిన రోజు ఇదే.

నాతో మా నాన్న ఉన్నారు. విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుని, జీవితమంతా పిల్లలకి పాఠం చెప్పిన మనిషి. అరవై దాటిన ఆయనకి బ్యాటరీ సైకిల్, నాకు మామూలుది. లూసర్న్ స్టేషన్‌లోనే అద్దెకిస్తారు. సాయంత్రం పడవ దిగేది కూడా స్టేషన్ ఎదురుగానే కాబట్టి తిరిగి ఇవ్వడం సులువు.

జర్మన్ ఒపేరా స్వరకర్త వాగ్నర్ మ్యూజియం ఉన్న ట్రిబ్‌షెన్ దగ్గరే. స్టేషన్ దాటి, కచేరీ హాలు పక్కనుంచి ఒడ్డు వెంట తొక్కితే పావుగంట కూడా పట్టదు. మ్యూనిక్‌లో ఉండలేని పరిస్థితి వచ్చి వాగ్నర్ 1866లో ఇక్కడ దిగాడు, 1872 దాకా ఉన్నాడు. అద్దె కట్టింది బవేరియా రాజు రెండో లుడ్విగ్. 1933 నుంచి ఇది మ్యూజియం. కింద గదుల్లో ఉత్తరాలు, స్వరలిపి ప్రతులు, ఆయన ఎరార్ కంపెనీ పియానో ఉన్నాయి. అవన్నీ బాగానే ఉన్నాయి గానీ ఈ ఇంట్లో అసలు చూడాల్సింది మెట్లు.

1870 డిసెంబర్ 25 పొద్దున్న, భార్య కోజిమా ఇంకా నిద్రలో ఉండగా, వాగ్నర్ ఆ మెట్ల మీద వాద్యకారులని వరసగా నిలబెట్టి, ఆమె పుట్టినరోజు కానుకగా కొత్త రచన వాయింపించాడు. తర్వాత దానికే ‘సీగ్‌ఫ్రీడ్ ఇడిల్’ అని పేరొచ్చింది. నిద్రలో ఏదో నాదం వినపడి, అది పెరుగుతూ పోయి, ఇది కల కాదని తెలిసిందని ఆమె డైరీలో రాసుకుంది. ఆ రచనలో ట్రంపెట్‌కి ఉన్నది పదమూడు బార్లే (మన ఆవర్తనాల్లాంటివి). ఆ కాస్త వాయించడానికి వాగ్నర్ సహాయకుడు హాన్స్ రిష్టర్ ట్రంపెట్ నేర్చుకున్నాడు. ఆమె చెవిన పడకూడదని పడవలో సరస్సు మధ్యకి వెళ్ళి సాధన చేసేవాడట.

ఇదంతా నేను చెబుతుంటే నాన్న మెట్ల కింద నిలబడి పైకి చూస్తున్నారు. ఆ మెట్లు ఎంత ఇరుకో చూస్తే గానీ తెలీదు. ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి ఒదగాలి.

“ఆవిడ పడుకున్న గది ఏ వైపమ్మా?” అని అడిగారు.

పైన అని చూపించాను. అక్కడున్న ఉద్యోగిని అనుమతి అడిగి, గొంతు బాగా తగ్గించి ఒక్క ‘స’ పట్టారు. నేను పై మెట్టు మీద ఉన్నాను. చెక్క, గోడ కలిసి ఆ శబ్దాన్ని ఎటూ చెదరనీయకుండా పైకి తెచ్చాయి. “పెద్ద హాల్లో ఇది వేరేలా ఉంటుంది. ఇంటికోసం రాశాడు,” అన్నారు నాన్న. ఆ రచనని రికార్డుల్లో చాలాసార్లు విన్నాను. వాద్యాలు ఎందుకంత మెత్తగా ఒకదాని వెనక ఒకటి వస్తాయో నాకు అక్కడే అర్థమైంది.

ఇంకొకటి కూడా తెలుసుకుని వెళ్ళండి. యూదుల మీద విషం కక్కుతూ 1850లో మారుపేరుతో అచ్చువేసిన వ్యాసాన్ని, 1869లో ఈ ఇంట్లో ఉంటుండగానే వాగ్నర్ సొంత పేరుతో మళ్ళీ వేయించాడు. ఆ మెట్ల సంగీతం ఎంత అందమైనదో ఇది అంత నిజం. నాన్న ఈ మాట విని చాలాసేపు మాట్లాడలేదు.

అక్కడినుంచి ఊరు దాటి మెగ్గెన్, కుస్‌నాఖ్ట్, వెగ్గిస్ మీదుగా హెర్టెన్‌స్టైన్ చేరాలి, పాతిక కిలోమీటర్లు వేసుకోండి. మెగ్గెన్ దగ్గర ఎత్తులున్నాయి, బ్యాటరీ సైకిల్ విలువ అక్కడ తెలుస్తుంది. కుస్‌నాఖ్ట్ దాటాక కొన్నిచోట్ల కార్ల పక్కనే తొక్కాలి, చిన్నపిల్లలతో అయితే నేను వద్దంటాను. ఊళ్ళలో తాగునీటి ధారలుంటాయి, సీసా కొనక్కర్లేదు. కుస్‌నాఖ్ట్ ముందు రోడ్డు పక్కన చిన్న ప్రార్థన మందిరం ఉంది, 1935లో కారు ప్రమాదంలో పోయిన బెల్జియం రాణి ఆస్ట్రిడ్ పేరు మీద కట్టింది. ఆ దగ్గర్లోనే కూర్చుని పులిహోర తిన్నాం.

హెర్టెన్‌స్టైన్‌లో ఉన్నది విల్లా సెనార్. సెర్గెయ్, నతాలియా రఖ్మానినోవ్ పేర్ల మొదటి అక్షరాలు కలిపి ఆ పేరు పెట్టుకున్నారు. 1917 విప్లవం తర్వాత రష్యా వదిలిన మనిషి ఈయన. ఆ తర్వాత కచేరీలతోనే బతికాడు, కొత్తగా రాసింది చాలా తక్కువ. 1930లలో ఈ చదునైన కప్పు ఇల్లు కట్టుకున్నాక 1934 వేసవిలో పియానోకీ ఆర్కెస్ట్రాకీ రాసిన పగనినీ రాప్సొడీని ఇక్కడే కొన్ని వారాల్లో పూర్తి చేశాడు. మూడో సింఫనీ కూడా ఇక్కడిదే. 2022లో లూసర్న్ రాష్ట్ర ప్రభుత్వం కొని, మరుసటి ఏడాది నుంచి జనాన్ని రానిస్తోంది.

ఆయన పని గదిలో స్టైన్‌వే పియానో ఇప్పటికీ ఉంది, అరవయ్యో పుట్టినరోజుకి ఆ కంపెనీ వాళ్ళే ఇచ్చింది. ట్రిబ్‌షెన్‌లో మ్యూజియం చూస్తున్నట్టే ఉంటుంది, ఇక్కడ అలా కాదు. రాసుకునే బల్ల, పియానో, పెద్ద కిటికీ, బయట సరస్సు. మాకు దొరికింది జర్మన్‌లో చెప్పే టూరు. నాన్న చెవిలో నేను తెలుగులో చెబుతూ ఉన్నాను. 1939 ఆగస్టులో లూసర్న్ ఉత్సవంలో ఆ రాప్సొడీ వాయించి, యుద్ధం ముంచుకొస్తుంటే అమెరికా వెళ్ళాడని, 1943లో అక్కడే పోయాడని చెప్పేసరికి, “మళ్ళీ ఈ ఇంటికి రాలేదా?” అన్నారు. రాలేదు నాన్నా, అన్నాను. ఆయన ఆ పియానో దగ్గరే ఉండిపోయారు, గైడ్ పక్క గదికి వెళ్ళినా కదల్లేదు.

వెనక్కి పడవలో రండి. స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే మీకు టికెట్ అక్కర్లేదు, సైకిల్‌కి మాత్రం విడిగా తీసుకోవాలి. హెర్టెన్‌స్టైన్‌లో అన్ని పడవలూ ఆగవు, లేకపోతే వెగ్గిస్ దాకా తొక్కండి. అదృష్టముంటే పాత ఆవిరి పడవ దొరుకుతుంది, ఇంజన్ తిరగడం పైనుంచి చూడొచ్చు.

సగం రోజే ఉందంటే సెనార్‌కే నా ఓటు, పడవలోనే వెళ్ళి రండి. వాగ్నర్ మ్యూజియానికి సోమవారం సెలవు, చలికాలంలో మూసేస్తారు. సెనార్‌లోకి టూరుతో మాత్రమే వెళ్ళనిస్తారు. ముందు అది బుక్ చేసుకుని, మిగతా రోజంతా దాని చుట్టూ సర్దుకోండి.