నేలమట్టం అంటే నేల మట్టానికే

మొన్న వాన వెలిశాక, నేలలో మిగిలిపోయిన ఇనుము కోసం ఇనుప చువ్వ పట్టుకుని స్థలమంతా మళ్లీ పొడుచుకుంటూ తిరిగాను. పాత మొబైల్ హోమ్, అంటే ఫ్యాక్టరీలో తయారుచేసి లాక్కొచ్చి నిలబెట్టే ఇల్లు, కూల్పించి రెండేళ్లు దాటింది. కూల్చిన వారానికే ఆ కాంట్రాక్టరుకు అయిదు నక్షత్రాలిచ్చి, డాలస్‌లో తెలిసిన తెలుగువాళ్లందరికీ ఆయన నంబరు పంచినవాణ్ణి నేను. అప్పుడు రాసినదాంట్లో అబద్ధమేమీ లేదు, తొందర తప్ప.

స్థలం ఊరికి గంట దూరంలో ఎకరంన్నర. అందులో 1974లో తయారైన ఇల్లు, అరవై అడుగుల పొడవు. 1976 జూన్ 15న ఇలాంటి ఇళ్లకు అమెరికా కేంద్ర ప్రభుత్వ ప్రమాణాలు అమల్లోకి రాకముందుది కావడంతో ఊరికే ఇస్తానన్నా పట్టుకుపోయేవాడు దొరకలేదు. మన ఊళ్లో పాత పెంకుటిల్లు కూల్చేవాడు టేకు దూలాలు, ద్వారబంధాలు లెక్కగట్టి మనకే ఎదురు డబ్బిస్తాడు. ఇక్కడ 5,800 డాలర్లు నేనే ఇచ్చుకున్నాను. రేకు గోడలు, పలచటి చెక్క, గులాబీ రంగు గాజు దూది. వీటిలో దేనికి ధర పలుకుతుంది? అడుగున ఉన్న ఇనుప చట్రం ఒక్కటే కాస్త విలువైనది, అదీ ఆయనకే.

పని మాత్రం రెండు రోజుల్లో ముగించారు. యంత్రం నడిపిన పెద్దాయన సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో ముందే అడిగి, చుట్టూ తాడు కట్టి, అటువైపు బండి పోనివ్వలేదు. చివర్లో చక్రాల అయస్కాంతం దొర్లించి మేకులు ఏరారు. నక్షత్రాలు ఇచ్చింది అందుకే.

మరుసటి ఏప్రిల్‌లో గడ్డి కోసే బండి మీద కూర్చుని వెళ్తుంటే ఖణేలుమంది. బ్లేడు వంకరపోయింది. గడ్డి పాయలు తీసి చూస్తే తుప్పు పట్టిన ఇనుప తల. ఏదో ఇనుప గూటమేమో అనుకుని అడుగు లోతు తవ్వాను. కడ్డీ ఇంకా కిందికే పోతోంది. అది లంగరు. గాలివానకు ఇల్లు ఎగిరిపోకుండా ఇనుప పట్టీలతో నేలకు బిగిస్తారు, ఆ పట్టీల కింది కొస ఇది. వాళ్లు పట్టీలు కోసి ఇల్లు ఎత్తుకుపోయారు, లంగర్లు వదిలేశారు. తవ్వేముందు భూమిలోని తీగలు, గొట్టాలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టించుకునే నంబరు 811కు ఫోన్ చేస్తే కరెంటు తీగకు ఎర్ర జెండా, నీళ్ల గొట్టానికి నీలం జెండా పాతి వెళ్లారు కానీ, వీటికి ఏ రంగూ లేదు.

జాకీ పెట్టి ఎత్తితే రాలేదు. అడుగున మర బిళ్ల ఉంటుంది, బిగించిన దిశకు ఎదురు తిప్పితేనే కదులుతుంది. పైగా ఇక్కడి నేల మన గుంటూరు నల్లరేగడికి తోబుట్టువు, తడిస్తే బంక, ఎండితే రాయి. లంగరు తలలో గొట్టం దూర్చి, మా బావమరిదీ నేనూ చెరో కొస పట్టుకుని గానుగెద్దుల్లా తిరిగాం. "ఊళ్లో చేతిబోరు వేసినప్పుడు కూడా ఇంత తిరగలేదు బావా" అన్నాడు. నాలుగడుగుల కడ్డీ బయటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తే విసుక్కోలేదు, ఒప్పందం మళ్లీ చదవమన్నారు. అందులో ఉన్నది తెలుగులో చెప్పుకుంటే "నేలమట్టం వరకు". అక్షరాలా నేల మట్టం దగ్గరే ఆగారు మహానుభావులు! లంగర్లు పీకాలంటే ఒక్కోదానికి 40 డాలర్లట. కాగితం మీద తప్పు నాదే. కానీ "అంతా శుభ్రంగా ఇస్తాం" అని నోటితో అన్న మాట మాటేమిటి?

అక్కడే కొత్త ఇల్లు కట్టేవాళ్లకు ఇదంతా పట్టదు, పునాది తవ్వేటప్పుడు ఎలాగూ బయటపడతాయి. వాళ్లకైతే ఆయన నంబరు ఇప్పటికీ ఇస్తాను. నాలాగా గోంగూర, బెండ వేసుకుందామనుకునేవాళ్లు లంగర్ల మాట ఒప్పందంలో రాయించుకుని సంతకం చేయండి. నా అయిదు నక్షత్రాల్లో ఒకటిన్నర వెనక్కి తీసుకుంటున్నాను. బ్లేడు ఖరీదు గుర్తొచ్చిన రోజు రెండు.

ఇప్పటికి పదకొండు తీశాం, అటు ఆరు, ఇటు అయిదు. పన్నెండోది బెండ మడి కింద ఉందని నా అనుమానం. కాపు అయ్యేదాకా అక్కడ చువ్వ దింపడానికి వీల్లేదని మా ఆవిడ ఆజ్ఞ.