షాంగో న్యాయం: పొంతు వినాలా, అలుజా వినాలా?

బ్రెజిల్‌లో కొలిచే ఆఫ్రికా మూలాల దేవతలు ఒరిషాలు, వాళ్ల పాటల సంగతి ఎత్తితే చాలు, ఒకటే అడుగుతున్నారు: న్యాయదేవుడు షాంగో పాటలు ఉంబాండావి మేలా, కాందోంబ్లేవి మేలా? రెండూ ఆ దేవతలను కొలిచే బ్రెజిల్ మతాలే.

అర్థం కావడమే ముఖ్యమైతే ఉంబాండా. పొంతులు, అంటే అక్కడి భక్తి పాటలు, పోర్చుగీసులో ఉంటాయి, చిన్నవి, రెండోసారికే నోటికొస్తాయి. రాతిగని, పిడుగు, 'జుస్తీసా' (న్యాయం) అన్న మాట నేరుగా చెవిన పడతాయి. కోర్టు కేసు నెత్తిన ఉన్నవాడు రోజూ మాట్లాడుకునే భాషలోనే మొరపెట్టుకోవచ్చు. ఇది తక్కువ సౌకర్యమేం కాదు.

కాందోంబ్లేలో, ముఖ్యంగా కేతు శాఖ పూజా ఇళ్లలో, పాట పశ్చిమ ఆఫ్రికా భాష యొరుబాలో సాగుతుంది. పాడేవాళ్లలోనే చాలామందికి మాటమాటకీ అర్థం తెలియదు. మరి న్యాయం ఎక్కడుంది? నన్నడిగితే అలుజాలో ఉంది. అది షాంగో సొంత దరువు. అగిదవి పుల్లల దెబ్బకు రుంపి, లే అనే చిన్న డ్రమ్ములు పరుగందుకుంటాయి. పెద్ద డ్రమ్ము రుం వాటి మీదుగా గద్దిస్తూ ఆడేవాళ్ల అడుగును శాసిస్తుంది. షాంగో పూనినవాళ్లు చేతులు విసిరితే పిడుగురాళ్లు రువ్వినట్టే ఉంటుంది. ఆయన గొడ్డలి ఓషేకి రెండువైపులా పదునే, ఫిర్యాదు చేసినవాడి తప్పునూ వదలదంటారు. పొంతు వింటున్నంతసేపూ నేను న్యాయం అడిగేవాణ్ణి. అలుజా మొదలైతే మాత్రం నేనూ బోనులో ఉన్నానేమోనని గుబులు. నా మటుకు తేల్చేది అదే.

స్టూడియోల్లో గిటార్లతో చేసిన షాంగో పాటలూ ఉన్నాయి. హాయిగా ఉంటాయి, అంతే.

నా వాదనకు ఒక చిక్కుంది. 1912 ఫిబ్రవరిలో అలగోవాస్ రాష్ట్రం మాసెయోలో మూకలు తెరేరోల మీద, అంటే ఈ దేవతల పూజా ఇళ్ల మీద, పడి అన్నీ ధ్వంసం చేశాయి. ఆ తర్వాత అక్కడి భక్తులు డ్రమ్ములు మానేసి గొంతు తగ్గించి పాడుకున్నారు. దానికి 'మెల్లగా జపించే షాంగో' అనే పేరే వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2012లో, అంటే నూరేళ్లకు. దరువు లేని ఆ పాటలో న్యాయం లేదని నేను అనగలనా? అనలేను.

అయినా కొత్తగా వినేవాళ్లు అలుజాతోనే మొదలుపెట్టండి. ఫోన్ స్పీకర్‌లో వద్దు, రుం దెబ్బ వినబడదు.