ఏరియేటర్ మెకానిక్ పనా, ఆఫీసు ఉద్యోగమా?

మా భీమవరం వైపు కుర్రోళ్ళకి రెండు దార్లు కనపడతన్నాయండి, రెండేళ్ళ ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు (నీళ్ళని చిలికి గాలి ఎక్కించే మిషన్లు), మోటార్లు బాగుచెయ్యడం, లేదా డిగ్రీ అయ్యాక హైదరాబాద్ వెళ్ళి ఆఫీసులో చేరడం.

ఆఫీసులో జ్వరమొచ్చినా జీతం పడుద్ది, పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం మనది కట్ అవుద్ది, కంపెనీ కూడా అంతే వేస్తది. కాకపోతే రూము అద్దె, తిండి పోగా మిగిలేది ఏంటో చూస్కోవాలి.

మెకానిక్‌కి అవేం ఉండవు. రాత్రి నాచు ఆక్సిజన్ తయారుచెయ్యదు, పైగా పీల్చుకుంటది, అందుకే తెల్లారగట్ల చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోద్ది, సరిగ్గా అప్పుడే ఏరియేటర్ ఆగిందంటే రైతు ఫోను, వీడు టార్చిలైటు పట్టుకుని తడి గట్టు మీద బేరింగు మార్చాలి, ఆలస్యమైతే పంట మొత్తం పోద్ది. షాక్ కొట్టే పని, మెయిన్ ఆపకుండా చెయ్యి పెట్టకండ్రా బాబూ. పంట దెబ్బతింటే రైతు దగ్గర డబ్బులు రావడమూ లేటే.

అయినా చేతిలో పనున్నోడికి ఇక్కడ ఖాళీ ఉండదు, నేనైతే మా తమ్ముడికి ఇదే చెప్తాను. పెళ్ళి సంబంధాల దగ్గర మాత్రం ఆఫీసోడినే ముందు అడుగుతారు, అది నాకు నిజంగా బాధేస్తది.