ఏమీ లేని పొలానికి 285 యూరోలు

ఫ్రాన్స్‌లోని నార్మండీలో "యుద్ధకాలపు ఎయిర్‌ఫీల్డులు కూడా చూపిస్తాం" అని రాసి ఉన్న టూర్ ఏదైనా బుక్ చేసే ముందు, ఏ ఎయిర్‌ఫీల్డు, అక్కడ ఎన్ని నిమిషాలు ఆగుతారు అని మెయిల్‌లో అడిగి జవాబు దగ్గర పెట్టుకోండి. మేం అడగలేదు. మనిషికి 95 చొప్పున ముగ్గురికి 285 యూరోలు పోసుకున్నాం.

ముగ్గురంటే నేను, మా ఆవిడ, మామగారు. ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో గ్రౌండ్ స్టాఫ్‌గా చేసి రిటైరై బాపట్లలో ఉంటున్నారు. పారిస్ వచ్చి పది రోజులైనా ఈఫిల్ టవర్ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. "రెండో ప్రపంచయుద్ధంలో, 1944లో ఆ ఊళ్లలో తోటలు కొట్టేసి, వారం పది రోజుల్లో రన్‌వేలు వేశారు బాబూ, అవి చూపించు" అని మాత్రం రోజూ అడిగేవారు. మా ఆవిడకేమో సముద్రంలో ఉన్న ఆ మోఁ సేఁ మిషెల్ మఠం చూడాలని. చివరికి మామగారి మాటే నెగ్గింది. ఆ కోపం నా మీద మూడు రోజులు ఉంది.

పారిస్‌లో సేఁ లజార్ స్టేషన్ నుంచి నార్మండీలోని బాయో ఊరికి రెండుంపావు గంటల రైలు, హాయిగా వెళ్లాం.

టూర్ వాళ్ల వ్యాన్ మమ్మల్ని ఒమాహా బీచ్‌కీ, దాని పైనున్న అమెరికన్ సిమెటరీకీ తీసుకెళ్లింది. రెండూ చూడాల్సినవే, రెండిటికీ టికెట్ లేదు. సిమెటరీ దగ్గర మామగారు గైడ్‌ని ఆపి, "అమెరికన్లు దిగాక మొదట వేసిన ఎయిర్‌స్ట్రిప్ ఈ సేఁ లొరాఁ ఊళ్లోనే కదా, ఎటు వైపు?" అని అడిగారు. జర్మన్ల చేతిలో ఉన్న ఈ తీరంలో జూన్ 6న అమెరికన్, బ్రిటిష్ సైన్యాలు దిగితే 8వ తేదీకల్లా సిద్ధమైన స్ట్రిప్ అది. గాయపడ్డవాళ్లను విమానాల్లో అక్కడి నుంచే ఇంగ్లండ్‌కి తరలించారు. గైడ్ చెయ్యి అలా గాల్లో ఊపి, వాచీ చూసుకున్నాడు. అక్కణ్ణుంచి పాయింట్ దు ఓక్ అనే సముద్రపు కొండచరియకి వెళ్తుండగా, సేఁ పియేర్ దు మోఁ దగ్గర వ్యాన్ కొంచెం స్లో చేసి, కిటికీలోంచి వేలు చూపించి "అదిగో ఏ-1 ఎయిర్‌ఫీల్డు, ఇప్పుడక్కడ ఏమీ లేదు, పొలమే" అన్నాడు. ఆపలేదు. మామగారు మెడ తిప్పేలోపు దాటిపోయింది. డబ్బు వాపసు అడిగితే "చూపించాం కదా సార్" అన్నారు.

మర్నాడు కారు తీసుకున్నాం. గేర్ల బండి రోజుకి 62 యూరోలు, ఆటోమేటిక్ అయితే 98. గేర్ల బండే తీసుకోండి, రోడ్లు ఖాళీగానే ఉంటాయి. పెట్రోలు 14. అంటే ముగ్గురికీ కలిపి 76 యూరోలు.

ఆ పొలం దగ్గర రోడ్డు పక్కన ఒక స్మారక శిల ఉంది, అంతే. గైడ్ చెప్పింది అబద్ధం కాదు. కానీ మామగారు కారు దిగగానే మొహానికి గాలి ఎటు నుంచి తగులుతోందో చూసుకున్నారు. రన్‌వే పొడవు సుమారు 1,500 మీటర్లు, వెడల్పు 36 మీటర్లు. "ఆ చివర కనిపిస్తోందే షెడ్డు, దాదాపు అంత దూరం" అని చెయ్యి చాచి చూపించారు. మరి ఇక్కడే ఎందుకని మా ఆవిడ అడిగింది (రెండు రోజుల్లో ఆమె అడిగిన మొదటి ప్రశ్న). "ఇంగ్లండ్ నుంచి వస్తే చాలా పెట్రోలు సముద్రం దాటడానికే అయిపోతుందమ్మా. ఇక్కడ లేచిన విమానం కొన్ని నిమిషాల్లో యుద్ధం మీద ఉంటుంది. బాంబులు వేసి, వచ్చి, మళ్లీ నింపుకుని పోతుంది." అమెరికన్లు వేసినవాటికి ఏ, బ్రిటిష్‌వాళ్లు వేసినవాటికి బీ అని నంబర్లు. ఈ ఏ-1లో 366వ ఫైటర్ గ్రూప్ థండర్‌బోల్ట్ యుద్ధవిమానాలు ఉండేవి. పక్కనే క్రిక్‌విల్‌లో ఏ-2, అక్కడ 354వ గ్రూప్ మస్టాంగ్ విమానాలు.

బుల్డోజర్లతో చదును చేసి, చాలా చోట్ల ఇనప వైరు మెష్ చుట్టలు విప్పి పరిచేవాళ్లు. కొన్ని చోట్ల చిల్లుల ఇనప పలకలు. వాన పడితే బురద, ఎండ కాస్తే దుమ్ము. ఆ దుమ్ము తిని బ్రిటిష్ టైఫూన్ విమానాల ఇంజన్లు పాడైపోతుంటే హడావిడిగా ఫిల్టర్లు తయారు చేసి బిగించారట. ఇది చెప్పేటప్పుడు మామగారి గొంతు మారింది. ఇంజన్‌లో దుమ్ము మాట ఎత్తితే ఆయనకి ఇప్పటికీ టెన్షనే. ఆగస్టులో యుద్ధం తూర్పుకి జరిగిపోయాక విమానాలూ వెళ్లిపోయాయి, పరిచినవి పీకేశారు, భూమి రైతులకి వచ్చింది. వేసవితోనే దాని పని అయిపోయింది.

తిరిగి వస్తూ దారి తప్పాం. ఒక పల్లెలో ఆవుల దొడ్డికి కంచె కనిపించగానే మామగారు "ఆపు, ఆపు" అని అరిచారు. నిలువునా పాతిన తుప్పు రంగు పలకలు, నిండా గుండ్రటి చిల్లులు. ఆయన దిగి వేలితో లెక్కపెట్టారు: మూడు వరసలు, వరసకి 29, మొత్తం 87. "పీఎస్‌పీ షీట్ రా ఇది, రన్‌వే మీద పరిచే పలక! పది అడుగులు, ముప్పై కిలోలు. అస్సాంలో మా యూనిట్ కంచె కూడా ఇదే, కాలవ మీద వంతెనా ఇదే!" నన్ను "రా" అనడం పెళ్లయ్యాక అదే మొదటిసారి.

కుక్క అరుపుకి రైతు బయటికొచ్చాడు. ఆయనకి ఫ్రెంచి, ఈయనకి తెలుగూ ఇంగ్లీషూ. ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు, నన్ను అనువాదం చేయనివ్వలేదు. గోడకి వదులుగా ఆనించిన పలక ఒకటి ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని లేపారు. ఫోటో మా ఆవిడే తీసింది, నవ్వుతూ.

భోజనం సంగతికొస్తే, మామగారు శాకాహారి. బాయోలో శనివారం సంతలో మట్టి గిన్నెలో దాల్చినచెక్క వేసి గంటల తరబడి ఓవెన్లో ఉంచిన బియ్యం పాయసం అమ్ముతారు, పేరు త్యూర్‌గూల్. గిన్నె 9 యూరోలు. పైన కట్టిన గోధుమరంగు మీగడ కోసం ముగ్గురం పోటీపడ్డాం. రెండు పూటలు అదే తిన్నాం. మన పరమాన్నానికి చుట్టమే, కాకపోతే తీపి తక్కువ.

బస మాత్రం తీసుకోవద్దు, అలాంటిది. రెండు రాత్రులకి 148 యూరోలని చూసి పల్లెలో ఒక ఇల్లు బుక్ చేశాను. పైన క్లీనింగ్‌కి 55. దుప్పట్లు, తువ్వాళ్లు మనిషికి 12, అది వెళ్లాక చెప్పారు. రాత్రి పదికి హీటర్ దానంతటదే ఆగిపోతుంది, మార్చే పెట్టెకి తాళం. మామగారు మంకీ క్యాప్‌తో పడుకున్నారు. బాయోలో స్టేషన్ దగ్గర మామూలు హోటల్ అయితే అదే డబ్బులో అయిపోయేది, పైగా వేడినీళ్లు.

పారిస్ చేరాక ఇంటి ఓనర్ మెసేజ్: గుమ్మం దగ్గర పట్టా మీద మట్టి ఉంది, డిపాజిట్‌లో 20 పట్టుకుంటున్నాను అని. క్లీనింగ్‌కి 55 తీసుకున్నావు కదా అని రాశాను, జవాబు లేదు. మామగారికి చెప్తే, "నా బూట్లదే" అన్నారు. ఆ బూట్లు ఇంకా కడగలేదు.