ముందు లండన్‌లో రుచి, తర్వాత బార్సిలోనా, గ్రనాదా

బార్సిలోనాకి టికెట్లు తీసుకున్న రోజే మా తోడల్లుడుగారు షరతు పెట్టారు. అక్కడికెళ్ళి మెనూ పట్టుకుని బిక్కమొహం వెయ్యకూడదు, ఏది తాగాలో ఇక్కడే తేల్చుకుని బయల్దేరాలి అని. ఓ శనివారం సాయంత్రం లండన్ శివార్లలోని వాళ్ళింట్లో డైనింగ్ టేబుల్ మీద ఎనిమిది రకాల స్పానిష్ పేర్ల బీర్లు, క్రాఫ్ట్ బీర్లు వరసగా పేర్చారు. పక్కనే మార్కులు వెయ్యడానికో కాగితం. మా ఆవిడ వేయించిన పల్లీల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి పెట్టింది.

లేబుళ్ళు చదవడం మొదలెట్టాక అసలు సంగతి బయటపడింది. మద్రీ అని పేరున్న బీరు తయారయ్యేది ఇంగ్లండ్‌లో. స్పెయిన్‌లో తొలెదో ఊరి దగ్గరి లా సాగ్రా బ్రూవరీతో కలిసి మోల్సన్ కూర్స్ అనే బీరు కంపెనీ 2020లో ఇక్కడ తెచ్చింది. క్రుజ్‌కాంపో 1904లో స్పెయిన్‌లోని సెవిల్లాలో పుట్టిందే గానీ, బ్రిటన్‌లో పోసేదాన్ని హైనెకెన్ కంపెనీ ఇక్కడే కాస్తోంది. శాన్ మిగెల్ అయితే పుట్టడమే 1890లో మనీలాలో.

"ఇంతకీ ఈ టేబుల్ మీద స్పెయిన్ ఎక్కడుంది బావగారూ?" అంది మా ఆవిడ.

ఉంది. బార్సిలోనా దామ్ కంపెనీ వాళ్ళ ఇనేదిత్ ఒకటి. 2008లో ఎల్ బుల్లి అనే రెస్టారెంట్ వంటవాడు ఫెరాన్ అద్రియా బృందంతో కలిసి చేసినది. బార్లీ, గోధుమతో పాటు నారింజ తొక్క, అతిమధురం, ధనియాలు కూడా వేస్తారు. ధనియాలనగానే మా ఆవిడ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చారు వాసన వెతికింది. నారింజ తొక్కే తగిలింది. తినడానికి ఏదైనా పక్కనుంటే బాగుంటుంది, ఒట్టిగా తాగితే చప్పన. ఆకుపచ్చ సీసా మీద కాగితమంటూ లేకుండా గాజులోనే అక్షరాలు పొంగి ఉండే అలాంబ్రా రెసెర్వా 1925 ఇంకోటి. ఆల్కహాల్ 6.4 శాతం, కాస్త తీపి. తోడల్లుడుగారు పదికి నాలుగు మార్కులేశారు. "సీసాకి మూడు, బీరుకి ఒకటి" అట!

క్రాఫ్ట్ బీరు, అంటే చిన్న బ్రూవరీలు కాచేది, డబ్బాలు మూడింట్లో రెండు నిరాశే. తప్పు కాచినవాళ్ళది కాదు, మేం కొన్న కొట్టుది. అడుగున తేదీ చూస్తే ఎనిమిది నెలల కిందటిది, పైగా ఎండ తగిలే అరలో పెట్టి అమ్ముతున్నారు. ఐపీఏ అంటే హాప్స్ అనే పువ్వులు దండిగా వేసే బీరు, దాని అందం ఆ హాప్స్ వాసనే. అది ముందు పోతుంది, చేదు మిగులుతుంది. ఉగాది పచ్చడిలో బెల్లం వెయ్యడం మర్చిపోయినట్టుంది. అందుకని ఇంట్లో రుచి చూడాలనుకునేవాళ్ళు డబ్బా తిప్పి తేదీ చూసి కొనండి.

అదే ఐపీఏ బార్సిలోనాలో వేరే సంగతి. కొన్‌సెల్ దె సెంత్ వీధిలో 2015లో మొదలైన గరాజ్ బీర్ కో బార్‌కి వెళ్ళాం. ఆ వీధిలో కార్లు తగ్గించి, 2023కల్లా నడిచేవాళ్ళకి వదిలేశారు. చెట్ల కింద పిల్లలు ఆడుకుంటుంటే దాటి వెళ్ళాం. వాళ్ళ సూప్ అనే ఐపీఏ 6 శాతం. చూడ్డానికి పసుపు కలిపిన నీళ్ళలా మసగ్గా ఉంది. ముక్కు దగ్గరికి తేగానే బంగినపల్లి తొడిమ తుంచినప్పటి వాసన. చేదు చివర్లో ఎక్కడో వచ్చి వెళ్ళిపోయింది. రేటు మామూలు బీరుకి రెట్టింపు పైనే, ఆ డబ్బు దండగ కాదు.

అక్కణ్ణించి పావుగంట నడిస్తే ఫాబ్రికా మోరిట్జ్. 1856 నాటి బీరు కంపెనీ, వాళ్ళ పాత ఫ్యాక్టరీని జాన్ నువెల్ అనే ఫ్రెంచి ఆర్కిటెక్టు మళ్ళీ తీర్చిదిద్దాడు. పాశ్చరైజ్ చెయ్యని తాజా బీరు పోస్తారు. బీరు తేలిక, బాగుంది. రద్దీ వల్ల వడ్డన మాత్రం నిదానం.

బస గురించి చెప్పకపోవడమే మేలు. అపార్ట్‌మెంట్ ఫొటోల్లో ఉన్న బాల్కనీ పక్క ఫ్లాట్‌ది. టూరిస్ట్ పన్ను విడిగా కట్టాలని తాళాలిచ్చేటప్పుడు చెప్పారు. మీరు బుక్ చేసేటప్పుడే అడగండి.

అడిగే పద్ధతి కూడా తెలిసి ఉండాలి. మనకు బీరంటే 650 మిల్లీలీటర్ల సీసా, లండన్‌లో పింటు, అంటే అర లీటరు పైన. స్పెయిన్‌లో కింతో అంటే లీటర్లో ఐదో వంతు, 200 మిల్లీలీటర్లు. మూడో వంతు సీసాని కాటలోనియాలో మెదియానా అంటారు, మిగతా స్పెయిన్‌లో తెర్సియో. కుళాయి నుంచి పట్టే చిన్న గ్లాసు కాన్యా. మొదట్లో "ఇదేం గ్లాసు, దగ్గు మందా?" అనుకున్నాం. ఎండలో కూర్చున్నాక అర్థమైంది, వేడెక్కేలోపు అయిపోవాలి. మా వదినగారికి క్లారా నచ్చింది, నిమ్మ సోడా కలిపిన బీరు. బార్సెలొనేతా బీచిలో చేతిలో డబ్బాలు పట్టుకుని "సెర్వెసా, బీర్" అంటూ తిరిగేవాళ్ళ దగ్గర మాత్రం కొనకండి. వీధిలో తాగితే జరిమానా కూడా ఉంది.

తర్వాత విమానంలో గ్రనాదా. క్రాఫ్ట్ బీరు కోసమైతే అంత దూరం అక్కర్లేదు, తిండి కోసం వెళ్ళాలి. అక్కడ గ్లాసు గ్లాసుకీ ఓ చిన్న ప్లేటు తిండి ఉచితం, దాన్ని తపా అంటారు. హైదరాబాద్ బార్లలో అడక్కుండా పెట్టే ఉడకబెట్టిన శనగల్లాంటిదే అనుకున్నా. మొదటి కాన్యాకి ఆలివ్‌లు, రెండోదానికి వేయించిన చిన్న చేపలు, మూడోదానికి గిన్నెడు చిక్కుళ్ళ కూర వచ్చేసరికి రాత్రి భోజనం మాటే ఎత్తలేదు. పంది మాంసం తిననివాళ్ళు ముందే చెప్పాలి, లేకపోతే అదే వస్తుంది.

నాలుగోసారి తోడల్లుడుగారు అదే ఆకుపచ్చ సీసా తెప్పించుకున్నారు. జేబులోంచి మార్కుల కాగితం తీశారు.

"ఎంతకి పెంచుదాం?" అన్నాను.

"తపా ఏమిస్తాడో చూసి చెప్తా, ఆగు."